కుడికి గుంజే పడవ

మా పడవ సంగతి ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, యాభై దాటేదాకా నాకు అక్షరాలు రావు. గద్వాలలో మా పుట్టిల్లు మగ్గం ఇల్లు. చిన్నప్పుడు నా కుడిచెయ్యి రాట్నం తిప్పేది, ఎడమచెయ్యి పోగు పట్టుకునేది. పలక పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. పెళ్లయ్యాక చేతులకు పని ఇంకా పెరిగింది. చివరికి మనవరాలి కోసం కొన్న పలకను ఆ పిల్ల విసిరికొడితే అది నా పాలైంది. మా కోడలు ఓపికగా దిద్దించింది.

ఇక రెండో కారణం. తీరా అక్షరాలు వచ్చి, ఏదైనా రాద్దామని కూర్చునే సరికి నా కుడి భుజం పైకి లేవడం మానేసింది. బలపం పట్టుకుంటే జబ్బ దగ్గర నుంచి వేలి చివరిదాకా సలుపు. మా కోడలు అక్షరాలు రాయడం వల్లనే అనుకుని భయపడింది. నొప్పికి కారణం అక్షరాలు కాదు, పడవ. ఇక్కడ రాయబోయేది ఆ రెండో కారణం గురించే.

మేముండేది వీపనగండ్లకు దిగువన, ఏటి ఒడ్డున. మా అత్తగారిల్లూ మగ్గం ఇల్లే కానీ, మా మామ కాలంలోనే మగ్గాన్ని అటకెక్కించి కౌలు సేద్యంలోకి దిగారు. మేం చేసే చేను ఎండాకాలంలో ఇంటి నుంచి నడిచిపోయేంత దగ్గర. డ్యాం నిండి నీళ్లు వెనక్కి తన్నాయంటే మధ్యలో ఉన్న పల్లం మునిగిపోయి, చేను అవతలి ఒడ్డున పడుతుంది. అదీ సరిగ్గా పత్తి పగిలే రోజుల్లో. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోతే అటు చేరేసరికి అన్నం తినే వేళవుతుంది. అందుకని ఒక రేకు పడవ కొన్నాం. తెడ్లు వేసి వేసి విసిగిపోయి, దాని వెనక తగిలించే పెట్రోలు ఇంజన్ ఒకటి, పాతదే, తెచ్చుకున్నాం.

ఆ ఇంజన్ చూడని వాళ్లకు రెండు మాటలు చెప్పాలి. అది పడవ వెనక చెక్కకు వేలాడుతూ ఉంటుంది. దాని కింది సగం నీళ్లలో మునిగి ఉంటుంది, అక్కడ పంకా తిరుగుతుంది. పైన ముంజేయంత పిడి ఒకటి మన వైపు చాచి ఉంటుంది. పడవకు వేరే స్టీరింగు లేదు, ఆ పిడే స్టీరింగు. పిడిని కుడికి తోస్తే పడవ ఎడమకు పోతుంది, ఎడమకు తోస్తే కుడికి పోతుంది. మా ఆయనకు ఈ ముక్క ఎన్నాళ్లైనా తలకెక్కలేదు. కుడికి పోవాలంటే కుడికే తోసేవాడు. పడవ ఎడమనున్న సర్కారు తుమ్మలోకి దూరేది. "చెట్టు అడ్డమొచ్చింది" అనేవాడు. ముళ్లు ఏరుకోలేక ఒకరోజు నేనే అడిగి పిడి పట్టుకున్నాను. నా జీవితంలో నేను అడిగి నేర్చుకున్న మొదటి పని అదే. అక్షరాలు రెండోది.

నాకు అది బాగా పట్టుబడింది. పత్తి ఏరే ఆడవాళ్లను రోజూ పొద్దున దింపడం, సాయంత్రం తేవడం నా పనే అయింది. వాళ్లలో అందరికంటే పెద్దామెను ఊరంతా అవ్వ అంటుంది. ఒంటికి, నోటికి బలం దండిగా ఉన్న మనిషి. నేను పిడి పట్టిన మొదటి రోజు ఆమె పడవలో కాళ్లు బారజాపుకుని, "ఇయ్యాల ముళ్లు గుచ్చుకోకుంట ఒడ్డు చూసిన బిడ్డా" అంది. మా ఆయన విననట్టు నీళ్లలోకి చూశాడు.

ఈ వైభోగం దసరాదాకా సాగింది. దసరా అయిన మర్నాటి నుంచి పడవ కుడికి గుంజడం మొదలుపెట్టింది.

నెమ్మదిగా పోతే బాగానే ఉండేది. కాస్త వేగం పెంచామా, పిడి దానంతట అదే ఎడమకు వచ్చి నా పొట్టలో గుచ్చుకునేది. పడవ కుడికి తిరిగేది. నేను చెయ్యి బిగబట్టి పిడిని అవతలికి తోస్తూ కూర్చుంటే తప్ప నేరుగా పోదు. పాలు పిండనివ్వని గేదెను ఒంటిచేత్తో అవతలికి నెడుతున్నట్టుండేది. ఒడ్డు చేరేసరికి జబ్బ పట్టేసేది. అక్షరాలు రాయడం కాదు గదా, సాయంత్రం ముద్ద నోటిదాకా రావడమే కష్టమైంది.

ఒకరోజు నడుమ నీళ్లలో తుమ్ము వచ్చింది. తుమ్మే ఆ కాసేపట్లో చెయ్యి సడలింది. పడవ గిర్రున తిరిగి జమ్ములోకి దూసుకుపోయింది. కొంగలు లేచిపోయాయి. ఆడవాళ్ల సద్దిగిన్నెలు ఒకదాని మీద ఒకటి దొర్లాయి. ఎవరి పప్పు ఎవరి రొట్టె మీద పడిందో తేలక అవతలి ఒడ్డున చాలాసేపు పంచాయితీ నడిచింది.

ఆ మాట మా ఆయన చెవిన పడింది. ఎదురుచూస్తున్న మాటే దొరికినట్టు లేచి నిలబడ్డాడు.

"నేను ముందే అన్న. ఇంజనంటే ఆడోళ్ల చెయ్యికి ఆగదని."

"దసరా ముందుదాకా ఎట్ల ఆగింది మల్ల?"

"గప్పుడు దానికి నువ్వు ఆడదానివని తెల్వదు. గిప్పుడు తెలిసింది."

"గట్లయితే నువ్వు పట్టు. తుమ్మలు నీకోసం చూస్తున్నయి."

తుమ్మల మాట ఎత్తేసరికి ఆయనకు కోపం వచ్చింది. ఆటో నడిపే తన చిన్నాన్న కొడుకును ఇంజన్ మీద పెడతానన్నాడు. "రేపు ఒక్కరోజు చూస్త. బాగైతే నీదే పిడి. కాకుంటే ఎల్లుండి పొద్దున్నుంచి వాడొస్తడు. నువ్వు నడుమల కూసో" అన్నాడు.

నడుమ కూర్చోవడమంటే ఏమిటో చదివేవాళ్లకు తెలియకపోవచ్చు. సద్దిగిన్నెలు ఒళ్లో పెట్టుకుని, నడిపేవాడి వీపు చూస్తూ పోవడం. పుట్టింట్లో, అత్తింట్లో, బస్సుల్లో, ట్రాక్టర్లలో నేను అంతవరకూ అలాగే పోయాను. మళ్లీ ఆ చోటికి పోవాలని నాకు లేదు. భుజం ఊడిపోయినా సరే పిడి వదలను అనుకున్నాను. కానీ భుజం నిజంగానే ఊడేట్టు ఉంది.

మర్నాడు పొద్దున్నే గద్వాల నుంచి మా మరిది దిగాడు. అంటే మా చెల్లెలి భర్త. నా చెయ్యి పట్టేసిందని విని చూసిపోదామని వచ్చాడు. చేపల పులుసు ఉంటుందనీ తెలుసు. పట్టుచీరలు నేసే మనిషి. అంచు, చీర ఒడలు కలిసే చోట ఒక్క పోగు పక్కకు జరిగినా రాత్రి అన్నం సహించదు. నేతలో ఆ కన్ను మంచిదే. మగ్గం దిగాక కూడా అది ఊరుకోదు, అదీ చిక్కు. ఎవరింటికి పోయినా ముందు గోడమీద క్యాలెండరు సర్దుతాడు. బస్సులో ముందు సీటాయన అంగీ కాలరు సరిచేసి తిట్లు తిన్నాడు. ఒక పెళ్లిలో తాళి కట్టే వేళ లేచిపోయి పెళ్లికొడుకు నుదుటి బాసికం నడిమికి జరిపి వచ్చాడు.

మేం ముగ్గురం ఒడ్డుకు పోయేసరికి పత్తి ఆడవాళ్లు అప్పటికే వచ్చి ఉన్నారు. పడవ బాగైతే తప్ప ఎక్కం అన్నారు. ఇళ్లకూ పోలేదు. ఒడ్డున వరసగా కూర్చుని సద్దులు విప్పారు, ఇక ఆట మొదలుపెట్టండి అన్నట్టు.

"పంకాకు ఏదో చుట్టుకున్నది" అన్నాడు మా ఆయన. ఇంజన్ను పైకి వంచి చూశాం. ఏమీ లేదు. అయినా ఊరికే దించడం ఇష్టం లేక పంకాను తువ్వాలతో తుడిచాడు.

"గ్రీజు ఎండిపోయింది" అన్నాడు తర్వాత. గ్రీజు తెచ్చి ఇంజన్ తిరిగే చోటంతా పూశాడు. మిగిలింది పారేయలేక పిడికీ పూశాడు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు పిడి వెన్నలా తిరిగింది. "ఆ! చూసిన్రా?" అన్నాడు. నీళ్లలోకి పోయి వేగం పెంచాను. పిడి ఎప్పట్లాగే పొట్టలోకి వచ్చింది. ఇంతకుముందు బరువుగా మాత్రమే ఉండేది, ఇప్పుడు జారుతోంది కూడా. రెండు చేతులతో, మోకాలితో పట్టుకుని ఒడ్డుకు తెచ్చాను.

అప్పుడే నాకు ఒకటి తోచింది. ఇంజన్ ఆపితే తేలిక, నడిస్తే బరువు. నెమ్మదిగా పోతే తేలిక, జోరుగా పోతే బరువు. అంటే బిగుసుకుపోయింది ఇంజన్ కాదు. నీళ్లే ఎక్కడో పట్టి గుంజుతున్నాయి. ఈ మాట చెప్తే మా ఆయన, "నీళ్లకేం చేతులున్నయా?" అన్నాడు. ఒడ్డున ఆడవాళ్లు నవ్వారు.

"బరువు కుడిపక్కకున్నది. గందుకే కుడికి తిరుగుతున్నది" అన్నాడు మరిది. ఆ మాటకు మా ఆయన కన్ను నేరుగా అవ్వ మీద పడింది.

"అవ్వా, జర వచ్చి ఎడమపక్క కూసో."

"నేనేమన్న ఇసుక బస్తానా?"

"గట్లెందుకంట? ఊకె కూసో, జర తిరిగొద్దాం."

"బస్తానే అనుకో. అయితే బస్తాకు రెండు చేపముక్కలు ఇంటికి పంపాలె."

చేపముక్కలకు ఒప్పుకున్నాక అవ్వ ఎక్కింది. పడవ ఎడమకు వాలింది. మరిదికి నీళ్లంటే భయం. రెండు చేతులతో అంచులు పట్టుకుని, "అమ్మా ఎల్లమ్మా" అంటూ కుడిపక్క చివరికి జరిగాడు. ఆయన బరువుకు పడవలో తేడా ఏమీ రాలేదు. పడవ ఒక పక్కకు ఒరిగి, ఇంకో పక్కకు గుంజుతూ పోయింది. పిడి మాత్రం నా పొట్ట వదల్లేదు. అవ్వ వెనక్కి తిరిగి, "ఇదేందే, నాతోని గూడ ఆగుతలేదు. నాకు ఆగంది ఈ ఊర్ల ఏమున్నది?" అంది.

ఇంజన్ నడిమికి తగిలించి ఉందో లేదో చూద్దామన్నాడు మరిది. జేబులోంచి పట్టుపోగు తీసి పడవ వెనక చెక్కను ఇటు నుంచి అటు కొలిచాడు, మడిచాడు, మళ్లీ కొలిచాడు. సరిగ్గా నడుమే ఉంది. ఆయనకు బాధ కలిగింది. వంకర కనిపిస్తే సరిచేసి సంతోషపడదామనుకున్నాడు.

మా ఆయన నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, పంకా చుట్టూ తిప్పి నీళ్లలోకి విసిరాడు. చేప ఏదో వచ్చి దాన్ని ముట్టె పెట్టి తోసి పోయింది. "దిష్టి పోయింది" అన్నాడాయన. పోలేదు.

ఎండ నెత్తిమీదికి వచ్చింది. మా ఆయన ఫోన్ తీశాడు. చిన్నాన్న కొడుకుకు ఫోన్ కలిపి, రేపు పొద్దున రమ్మన్నాడు. నేను వింటుండగానే. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఏడిస్తే అదీ ఆడవాళ్లకు ఇంజన్ ఆగదనడానికి సాక్ష్యమవుతుందని, ముఖానికి నీళ్లు కొట్టుకునే వంకతో ఇంజన్ దగ్గరికి పోయి, దాన్ని ఇంకోసారి పైకి వంచి కింది నుంచి మీదిదాకా చూడడం మొదలుపెట్టాను. మరిది వచ్చి పక్కన నిలబడ్డాడు. నన్ను ఓదార్చాలని కాబోలు, మెల్లగా అన్నాడు:

"ఊకో వదినా. మనం చెయ్యాల్సిందంతా చేసినం. ఇంకేం జేస్తం? గిదొక్కటి జర వంకరుండె, గది గూడ దసరా నాడే నేను సాపు చేసిన."

"ఏది వంకరుండె?"

"గిది."

పంకాకు పైన అడ్డంగా ఒక రేకు ఉంటుంది. దాని అడుగున, చేప తోకలాంటి చిన్న ముక్క ఒకటి వేలాడుతుంది. అరచేతిలో పట్టేంత. దాన్ని ఇంతకుముందు నేను సరిగా చూసింది లేదు. దసరాకు మా ఇంటికి వచ్చిన మరిది, ఆ రోజు మేం రోడ్డున చుట్టూ తిరిగి చేనుకు పోయినప్పుడు ఆయుధపూజకని ఇంజన్ కడిగాడట. తోక వంకరగా కనిపించిందట. పూజకు పెట్టే వస్తువు వంకరగా ఉంటే ఎలాగని, పానాతో బోల్టు వదులు చేసి, పట్టుపోగు పెట్టి చూసి, వెంట్రుకవాసి తేడా లేకుండా నిటారుగా నిలబెట్టి బిగించాడట. తర్వాత చింతపండు పెట్టి తోమి, పసుపు కుంకుమ పెట్టాడు. మేం తిరిగొచ్చాక ఇంజన్ ధగధగ మెరుస్తుంటే మెచ్చుకుని, ఆయనకు మటన్ ఇంకో గరిటె వేశాను. అది నాకు బాగా గుర్తుంది.

"మరిదీ," అన్నాను, "దసరా నాడే సాపు చేసినవా?"

"ఆ."

"దసరా తెల్లారి నుంచే గుంజుతున్నది గదా."

ఆయన ముఖం చూడాల్సింది. ఒడ్డున అవ్వ రొట్టె నముల్తూనే, "ఓరి నీ సాపు సల్లగుండ!" అంది.

మా ఆయన పానా తెచ్చాడు. మరిది దాన్ని ముట్టుకోలేదు. "అన్నా, నా చేత్తో వంకర పెట్టలేను. ఇంజన్ చేసినోడే తప్పు చేసిండేమో" అన్నాడు. నాకు మాత్రం విషయం తేటగా కనిపించింది. నీళ్ల బిందె ఒక చంకన ఎత్తుకున్న మనిషి రెండో పక్కకు వంగి నడుస్తుంది. ఎవరైనా పోయి ఆమె నడుము నిటారుగా నిలబెడితే బిందెతో సహా మనిషి పడుతుంది. పంకా ఒకే వైపు తిరుగుతూ ఇంజన్ను ఒక పక్కకు తోస్తుంది. ఆ తోపుకు ఎదురు నిలవడానికే ఆ తోక వంకరగా ఉంది. ఇదే మాట ఇద్దరికీ చెప్పాను. బిందె ఎప్పుడూ ఎత్తనివాళ్లు కనుక తల ఊపారు కానీ నమ్మలేదు.

"సరే, ముందు ఎటు వంగి ఉండె?" అన్నాను.

"వంకర ఉండె."

"ఎటు వంకర?"

"వంకరంటే వంకరే వదినా. ఎటు అని ఎవడన్న చూస్తడా?"

పాత గుర్తు ఏదైనా కనిపిస్తుందేమోనని వెతికాను. చింతపండు ఒక్క మరక కూడా మిగల్చలేదు.

"పడవ కుడికి పోతున్నది గనక తోకను ఎడమకు తిప్పాలె" అని మా ఆయన తీర్పు చెప్పాడు. వినడానికి న్యాయంగానే ఉంది. తిప్పి బిగించాం. నీళ్లలోకి పోయి వేగం పెంచానో లేదో, పిడి ఎగిరొచ్చి నా పక్కటెముకల్లో దిగింది. పడవ గానుగెద్దులా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. మరిది పడవ అడుగున పడుకుని కళ్లు మూసుకున్నాడు. మా ఆయన, "ఆపు! ఆపు!" అంటున్నాడు. ఆపుదామంటే నా చెయ్యి పిడి కింద ఇరుక్కుని ఉంది. ఒడ్డున ఆడవాళ్లు లేచి నిలబడి, మేం ఎదురుగా వచ్చినప్పుడల్లా చేతులూపారు.

ఎలాగో ఇంజన్ ఆపాను. తెడ్లతో ఒడ్డుకు వచ్చాం. ఈసారి ఎవరినీ అడగలేదు. పానా నేనే తీసుకున్నాను. తోక వెనక కొసను కుడికి, పడవ గుంజే వైపుకే, కొంచెం తిప్పి బిగించాను.

"కుడికి గుంజేదాన్ని మల్ల కుడికే తిప్పుతున్నవ్. పిచ్చి లేసిందా?" అన్నాడు మా ఆయన.

"పిచ్చో మంచో, ఎక్కు."

"నేనెక్క."

ఒక్కదాన్నే పోయాను. ముందు నెమ్మదిగా, తర్వాత కొంచెం జోరుగా, తర్వాత ఇంకా జోరుగా. పిడి నా అరచేతిలో బుద్ధిగా కూర్చుంది. అటు తోస్తే అటు పోయింది, ఇటు తోస్తే ఇటు వచ్చింది, వదిలితే నేరుగా పోయింది. నేను నడుమ నీళ్లలో గట్టిగా అరిచాను. ఏమని అరిచానో నాకే తెలియదు. ఒడ్డు మీద అవ్వ కూడా బదులు అరిచింది. తర్వాత తెలిసింది, ఆమె అడిగింది చేపముక్కల గురించట.

ఆ సాయంత్రం పులుసు తింటున్నప్పుడు మా ఆయన, తనే బాగు చేసినట్టు ఇంజన్ గురించి కోడలికి వివరంగా చెప్పాడు. నేను అడ్డు చెప్పలేదు. పిడి నాదే అని చివరన తన నోటితోనే అన్నాడు, అది చాలు. మరిది మాత్రం ముళ్లు ఏరుకుంటూ, "గంత వంకర పెట్టుకుని ఎట్ల నిద్ర పడుతుందో మీకు" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను ఒడ్డుకు పోయేసరికి అక్కడ ఇద్దరున్నారు. ఒకరు ఆటో నడిపే చిన్నాన్న కొడుకు. నల్లద్దాలు, ఇస్త్రీ అంగీ. రావద్దని వాడికి చెప్పడం మా ఆయన మరిచిపోయాడు. "వచ్చినోడివి వచ్చినవ్, పత్తి ఏరుదువు రా" అన్నాను. వాడికి వెంటనే వనపర్తి కిరాయి ఒకటి గుర్తొచ్చింది.

రెండో మనిషి మరిది. ఇంజన్ను పైకి వంచి, చేతిలో పానా పట్టుకుని తోకనే చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నవ్ మరిదీ?"

"ఏం లేదు వదినా. ఊకె చూస్తున్న. జర, కొంచెమంటే కొంచెం..."

పానా లాక్కున్నాను. ఆడవాళ్లు ఎక్కారు, అంచులు పట్టుకుని మరిది కూడా ఎక్కాడు, మా ఆయన నడుమ కూర్చున్నాడు. ఇంజన్ తాడు లాగి వేగం పెంచాను. ఇన్నాళ్లూ అవతలికి తోసి తోసి అలవాటైన చెయ్యి మళ్లీ బలంగా తోసింది. గుంజేది ఏమీ లేకపోయేసరికి పడవ ఎడమకు ఒక్క దూకు దూకింది. మా ఆయన ఒళ్లో ఉన్న సద్దిగిన్నెలన్నీ ఆయన మీదే ఒలికాయి. చెయ్యి వదులు చేసి, రెండు వేళ్లతో పిడి పట్టుకుని, పడవను నేరుగా అవతలి ఒడ్డుకు తీసుకుపోయాను. అక్కడ ఇంజన్ ఆపి, పానాను కొంగులో గట్టిగా ముడేసుకుని పత్తి ఏరడానికి దిగాను. మరిది పడవ దగ్గరే ఉండిపోయాడు, ఆయన ఎక్కాల్సిన గద్వాల బస్సు మధ్యాహ్నం దాకా లేదు మరి.